సాల్ వైట్ వ్రాసి పెట్టిన ఆట చరిత్ర
(పాఠశాల వార్షిక క్రీడోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)

 

క్రీడోత్సవ సభ గనుక క్రీడలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. వ్యాయామము వలన కలుగు లాభములను మా వ్యాయామోపాధ్యాయులు ప్రతి సంవత్సరము చెప్పుచునే యున్నారు. వానినే మేము మరల చెప్పినచో వెనుక వరుసలోని పిల్లలు నిద్రపోవుదురు. కావున ఈ పర్యాయము మీలో పలువురు పేరైనను విని యుండని ఒక ఆటగాని చరిత్ర చెప్పదలచితిమి. ఆయన అమెరికా దేశమున పుట్టిన నల్లజాతివాడు. ఆడిన ఆట బేస్‌బాల్. పేరు సాల్ వైట్. నిండు పేరు కింగ్ సాలొమన్ వైట్. ఆంగ్లమున వైట్ అనగా తెలుపు. తెల్లవాడు కాడను కారణముచే జీవితమంతయు వెలుపల నిలువబడిన వాని యింటిపేరు తెలుపు! ఇది మేము కల్పించిన చమత్కారము కాదు.

ముందుగా ఆ ఆటను గూర్చి కొంచెము. బేస్‌బాల్ మన క్రికెట్టునకు దూరపు చుట్టము వంటిది. జట్టునకు తొమ్మండుగురు. మైదానమున నాలుగు మూలలు గల చదరముండును. మూలకును మూలకును నడుమ 90 అడుగులు. బంతి విసరువానిని పిచ్చరనియు, వెనుక నిలిచి పట్టువానిని క్యాచరనియు అందురు. బంతి నేలను తాకకుండ వచ్చును. గుండ్రని కర్రతో దానిని కొట్టి, నాలుగు మూలలు చుట్టి వచ్చినవాడు ఒక పరుగు తెచ్చినట్లు. ముగ్గురు ఔటైన పిమ్మట పక్షములు మారును; ఇట్లు తొమ్మిది మార్లు. రెండవ మూలను కాచువాడు చురుకైనవాడు కావలెను. సాల్ వైట్ ప్రధానముగ ఆ స్థానమున ఆడెను. ఈపాటి తెలిసిన చాలును.

ఆయన 1868 జూన్ 12వ తేదీన ఒహాయో రాష్ట్రమున బెల్లేర్ అను పట్టణమునందు జన్మించెను. అమెరికాలో బానిసత్వము చట్టరీత్యా రద్దయినది 1865లో. అనగా స్వేచ్ఛ లభించిన మూడేండ్లకు పుట్టిన బిడ్డ. బెల్లేరులో గ్లోబ్స్ అను జట్టుండెడిది. ఒకనాడు ఆ జట్టు మారియెట్టా జట్టుతో ఆడుచుండగా ఒకడు గాయపడెను. చూడవచ్చిన పిల్లలలో నున్న సాల్ వైట్‌ను పిలిచి ఆ స్థానమున నిలిపిరి. నాటి మారియెట్టా జట్టు కెప్టెన్ బాన్ జాన్సన్. తరువాతి కాలమున అమెరికన్ లీగును స్థాపించి, ఆ దేశపు బేస్‌బాల్‌నంతను శాసించిన పెద్దమనిషి ఆయనయే. ఆయనతో సరిసమానముగ ఒకే మైదానమున నిలిచి ఆడితినని సాల్ వైట్ వృద్ధాప్యమునను గర్వముగ చెప్పుకొనెడివాడు. జాన్సన్ లీగులో మాత్రము నల్లవానికి చోటుండలేదు.

ఆ రోజులలో తలుపులు పూర్తిగ మూసికొనలేదు. 1884లోనే మోసెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అను నల్లజాతి క్యాచరు టొలీడో పట్టణపు జట్టున, పెద్ద లీగులో ఆడెను. బడ్ ఫౌలర్ 1878 నుండియు ఊరూర కూలికి ఆడుచుండెను. ఫ్రాంక్ గ్రాంట్ బఫెలో జట్టున రెండవ మూలను కాచెను. పరుగెత్తి వచ్చు తెల్ల ఆటగాండ్రు ఇనుప ముళ్ళ బూట్లతో కావలెనని కాళ్ళను పొడుచుచుండగా, ఈ రెండవ మూల కావలివారు పిక్కలకు కొయ్యపలకలు కట్టుకొని ఆడవలసి వచ్చెనని ఆనాటివారు చెప్పిరి. పలకలు కట్టుకొనియు ఆడినారు గదా, అదియే మాకు విశేషముగ తోచును.

1887వ సంవత్సరము సాల్ వైట్ జీవితమున ముఖ్యమైనది. ఆయనకు 19 ఏండ్లు. ఆ మే నెలలో నల్లజాతివారు తమకై ఒక లీగును ఏర్పరచుకొనిరి. పిట్స్‌బర్గ్, న్యూయార్క్, బోస్టన్, లూయీవిల్ మున్నగు నగరముల జట్లు చేరినవి. సాల్ వైట్ పిట్స్‌బర్గ్ కీస్టోన్స్ జట్టున ఆడెను. ఆ లీగు ఇంచుమించు ఒక వారము మాత్రము బ్రతికెను. టిక్కెట్ల రాబడి రైలు ఖర్చులకే చాలలేదు. బోస్టన్ నుండి లూయీవిల్ పోయిన జట్టు అక్కడనే చిక్కుకొని యింటికి పోవు దారి లేక అగచాట్లు పడెను. వెంటనే సాల్ వైట్ తన ఊరికి చేరువనున్న వీలింగ్ పట్టణపు జట్టులో, తెల్లవారి నడుమ, స్థానము సంపాదించెను. ఆ యేడు నూరు పర్యాయములు కర్ర పట్టినచో సుమారు 37 మార్లు విజయవంతముగ కొట్టెను. బేస్‌బాల్ ఎరిగినవారికి ఇది ఎంత గొప్ప లెక్కయో తెలియును. ముప్పది దాటినవానినే నేర్పరి యందురు.

ఆ సంవత్సరమే జూలై 14వ తేదీన రెండు సంగతులు జరిగినవి. బఫెలోలో సమావేశమైన ఇంటర్నేషనల్ లీగు పెద్దలు, ఇకమీదట నల్లజాతి ఆటగాండ్రతో క్రొత్త ఒప్పందములు ఆమోదింపరాదని 6 ఓట్లకు 4 ఓట్లతో తీర్మానించిరి. నల్లవారు లేని జట్లు ఆరు ఒక వైపు, ఉన్న జట్లు నాలుగు ఒక వైపు. అదే దినమున నెవార్క్ నగరమున చికాగో జట్టు ఆడవలసి యుండెను. నెవార్క్ పిచ్చరు జార్జ్ స్టోవీ నల్లజాతివాడు. అతడు బంతి విసరినచో మేమాడమని చికాగో కెప్టెన్ క్యాప్ ఆన్సన్ పట్టుపట్టెను. స్టోవీ ఆడలేదు. మరుసటి యేడు ఒహాయో లీగును అట్టి నిబంధననే పెట్టెను. తరువాత దానిని తొలగించిరి గాని, సాల్ వైట్ వీలింగ్ జట్టుకు తిరిగి పోయినప్పుడు మేనేజరు అతనిని చేర్చుకొనలేదు. నిబంధన తీసివేసినను ఫలితము మారలేదు. క్రమముగ అన్ని లీగులలోను ఇదే ఆచారమైనది. ఏ గ్రంథమునను వ్రాయబడని ఆచారము! వ్రాసినచో ఎవరైన ప్రశ్నింతురేమో యని కాబోలు.

అప్పుడు నల్లవారు ఏమి చేసిరి? తమ జట్లను తామే కట్టుకొని, లీగు అను గొడుగు లేకుండ ఊరూర తిరిగి ఆడిరి. వీనిలో మొదటిది 1885లో లాంగ్ ఐలండ్‌లోని బాబిలన్ అను ఊర ఆర్గైల్ హోటలులో పుట్టెను. హోటలులో వడ్డన చేయువారు అతిథుల వినోదమునకై ఆడుచు జట్టు కట్టిరని సాల్ వైట్ వ్రాసెను. ఆ జట్టునకు క్యూబన్ జయంట్స్ అని పేరిడిరి. వారిలో క్యూబా దేశస్థులు లేరు. అమెరికా నల్లవాడనిన చూడరాని జనము పరదేశపు నల్లవాడనిన కొంత సహింతురను ఆశ. మైదానమున వారు స్పానిష్ భాష యని భ్రమ కలుగునట్లు ఏదో అర్థము లేని మాటలు మాటలాడుకొనెడివారట. ఈ కథకు మూలము సాల్ వైట్ వృద్ధాప్యమున చెప్పిన మాటయే, నవ్వుచు చెప్పినట్లున్నది. పుట్టిన గడ్డపై బ్రతుకుటకు తన పేరును తన నుడిని దాచుకొనవలసి వచ్చుటలోని బాధ, పరాయి రాష్ట్రమున తెలుగు మాటలాడు మనకు కొంత తెలియును. ఎందరు పిల్లలు సంతలో తల్లి తెలుగున పిలిచినప్పుడు పలుకక యూరకుందురో మేమెరుగుదుము.

తరువాత పదునైదేండ్లు సాల్ వైట్ ఎన్ని జట్లలో ఆడెనో లెక్క పెట్టిన తల తిరుగును. గోరమ్స్, యార్క్ మోనార్క్స్, క్యూబన్ ఎక్స్ జయంట్స్, చికాగోలో కొలంబియా జయంట్స్. 1895లో ఆడిన పేజ్ ఫెన్స్ జయంట్స్ మాత్రము చెప్పదగినది. మిషిగన్ రాష్ట్రమున ఏడ్రియన్ పట్టణములో ఇనుప తీగల కంచెలు చేయు సంస్థ తన సరకు ప్రకటనకై ఈ జట్టును పోషించెను. వారికి సొంత రైలు పెట్టె, అందు వంటవాడు. పట్టణము చేరగానే ఆటగాండ్రు సైకిళ్ళపై వీధులు తిరిగి, సాయంత్రము ఆట కలదని జనమునకు తెలియజేసెడివారు. రైలు పెట్టె వైభవముగ కనిపించును గాని, నల్లవారికి గది యిచ్చు హోటలు దొరకని ఊళ్ళలో అది అవసరము కూడ. ఇన్ని తిరుగుళ్ళ నడుమ సాల్ వైట్ శీతకాలములందు, ఆటలు లేని నెలలలో, ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయమున చదువుకొనెను. అది నల్లజాతివారి ఉన్నత విద్యాలయము. నాయనలారా, ఎండకాలము ఆట, చలికాలము చదువు. మీరు రెండు కాలములందును ఆటయే అనుచున్నారు.

1902లో ఆయన ఫిలడెల్ఫియా జయంట్స్ అను జట్టును స్థాపించుటలో ముఖ్యుడయ్యెను. తోడ్పడినవారిలో హెచ్. వాల్టర్ ష్లిక్టర్ అను తెల్లజాతి పత్రికా రచయిత యొకడు. అతడు వ్యవహారము చూచెడివాడు. సాల్ వైట్ కెప్టెన్, మేనేజరు. మేనేజరనిన నేడు బల్ల వెనుక కూర్చుండువాడని తలతుము. నాటి మేనేజరు మైదానమున తానును ఆడుచు, ఎవనిని ఎచట నిలుపవలెనో నిర్ణయించి, ఆటగాండ్రను వెదకి తెచ్చి, వారు మరొక జట్టునకు పోకుండ కాపాడుకొనవలెను. లీగు లేదు గనుక ఒప్పందములకు బలము లేదు. నాలుగు డాలర్లు ఎక్కువ యిచ్చువాడు వచ్చినచో ఆటగాడు మరునాడు లేడు.

1903లో క్యూబన్ ఎక్స్ జయంట్స్ వీరిని చిత్తుగ ఓడించిరి. ఓడించినవాడు ముఖ్యముగ ఒక్కడు, రూబ్ ఫాస్టర్ అను టెక్సాసు యువకుడగు పిచ్చరు. సాల్ వైట్ దుఃఖించుచు కూర్చుండలేదు. మరుసటి యేటికి ఫాస్టర్‌ను తన జట్టులోనికే తెచ్చుకొనెను. 1904లో అవే రెండు జట్లు మూడు ఆటల పోటీ ఆడగా ఫిలడెల్ఫియా రెండు గెలిచెను. ఆ రెంటను బంతి విసరినవాడు ఫాస్టరే. ఓడించినవానిపై పగ పెట్టుకొనక అతని విలువ గుర్తించుట మేనేజరునకు తెలియవలసిన మొదటి విద్య యని మా అభిప్రాయము. 1905లో ఆ జట్టు 134 ఆటలు గెలిచి 21 మాత్రమే ఓడెనని లెక్క చెప్పుదురు. ఎదుటివారిలో బలహీనమైన పల్లెటూరి జట్లును ఉండెను గనుక ఈ లెక్కను కొంత తగ్గించి చూడవలసినదే. ఐనను ఆ కాలపు ఉత్తమ జట్లలో అదొకటి యనుటలో సందేహము లేదు. 1907లో ఫాస్టర్ మరికొందరితో గూడ చికాగో పోయెను. 1909లో సాల్ వైట్‌ను జట్టు విడిచెను.

ఇంతవరకు చెప్పినదంతయు గొప్ప ఆటగాని కథయే. ఇట్టివారు ఆ దినములలో పదుగురుండిరి. సాల్ వైట్‌ను మేము ప్రత్యేకముగ ఎన్నుకొనుటకు కారణము 1907లో ఆయన చేసిన పని. ఆ యేడు ఆయన ఒక పుస్తకము వ్రాసెను. 128 పుటల చిన్న పుస్తకము. ష్లిక్టర్ దానిని ప్రకటించెను. నల్లజాతివారి బేస్‌బాల్ చరిత్ర దాని విషయము. అంతకు ముందు అట్టి పుస్తకము లేదు. ఆ తరువాతను చాల కాలము వరకు లేదు.

అందేమున్నది? ఆర్గైల్ హోటలు జట్టు నుండి నాటి వరకు ఏ జట్టు ఎప్పుడు పుట్టెను, ఎవరు నడిపిరి, ఎవరెవరాడిరి, ఎందుచేత చెడెను అను వివరములు కలవు. తొలి జట్టున జీతములెట్లుండెనో కూడ వ్రాసెను. పిచ్చరునకును క్యాచరునకును వారమునకు 18 డాలర్లు, మూలలు కాచువారికి 15, దూరమున నిలుచువారికి 12. పెద్ద లీగులోని తెల్ల ఆటగానికి సంవత్సరమునకు సగటున 2,000 డాలర్లు రాగా నల్ల ఆటగానికి 466 డాలర్లని తన కాలపు లెక్కను చూపెను. పిచ్చింగు విద్యను గూర్చి రూబ్ ఫాస్టర్ చేతను, బంతి కొట్టు నేర్పును గూర్చి గ్రాంట్ జాన్సన్ చేతను వ్యాసములు వ్రాయించి చేర్చెను. చాల ఛాయాచిత్రములు కలవు. వెల్డీ వాకర్ అను ఆటగాడు, మోసెస్ వాకర్ తమ్ముడు, 1888లో లీగు అధ్యక్షునకు వ్రాసిన లేఖను ముద్రించెను. ఆటగాని అర్హతను నడవడిని బట్టి చూడుడు గాని రంగును బట్టి కాదని ఆ లేఖ సారాంశము.

ఆ పుస్తకమున లోపములు లేకపోలేదు. తన జట్టును కొంచెము ఎక్కువగనే పొగడుకొనెను. ద్వారములు మూసిన దోషమునంతయు ఆన్సన్ ఒక్కని తలపై పెట్టెను. ఒక్క మనుష్యుడు ఎంత ప్రసిద్ధుడైనను ఒక దేశపు ఆచారమును సృష్టింపజాలడనియు, ఓట్లు వేసినవారును, ఊరకున్నవారును బాధ్యులేననియు నేటి చరిత్రకారులు పలువురు అభిప్రాయపడుచున్నారు. మాకును అదియే సరియని తోచును. కాని వాదించుటకు మొదట ఎవడో ఒకడు వ్రాసి యుండవలెను గదా. ఇంకొక గుణము మాకు మిక్కిలి నచ్చినది. అంత అన్యాయము చూచియు ఆయన వ్రాతలో శాపనార్థములు లేవు. ఏదో ఒకనాటికి ఈ అడ్డు తొలగుననియు, ఆనాటికి సిద్ధముగ నుండుటకై ఆటను శ్రద్ధతో ఆడవలెననియు తనవారికి చెప్పెను.

లీగు లేనిచోట లెక్కలు వ్రాయు గుమాస్తా ఉండడు. పట్టిక ఉండదు. నేటి ఆట రేపటికి మాటగ మిగులును. ఆ మాట ఒక తరము దాటునప్పటికి మారిపోవును. మన సంగతియే చూడుడు. మా గదిలోని బీరువాలో ఒక వెండిపూత కప్పు కలదు. ఏనాడో మన పాఠశాల జట్టు గెలిచినదే. ఏ సంవత్సరమున, ఏ ఆటలో, ఎవరాడి గెలిచిరని పూర్వ విద్యార్థులనడిగితిమి. ఒకరు వాలీబాల్ అనిరి, ఒకరు కబడ్డీ అనిరి. కప్పుపై పాఠశాల పేరు మాత్రమే చెక్కియున్నది. ఆడినవారిలో ఎందరు బ్రతికి యున్నారో తెలియదు. ఇది ముప్పది నలుబది సంవత్సరముల నాటి సంగతి. సాల్ వైట్ వ్రాయకున్నచో ఆర్గైల్ హోటలు వడ్డనవారి గతియు ఇంతియే.

తరువాతి జీవితమును సంగ్రహముగ చెప్పెదము. 1911లో న్యూయార్కున లింకన్ జయంట్స్ జట్టును కట్టుటకు తోడ్పడెను. కొన్నాళ్ళకు బెల్లేరునకు పోయెను. 1920 ఫిబ్రవరిలో రూబ్ ఫాస్టర్ కాన్సాస్ నగరమున తోటి యజమానులను సమావేశపరచి నీగ్రో నేషనల్ లీగును స్థాపించెను. నాటి పేరు గనుక ఆ మాటను అట్లే చెప్పుచున్నాము. 1887లో వారము దినములు బ్రతికిన కోరిక, 33 ఏండ్లకు నిలువగల లీగుగ నెరవేరినది. దానిని స్థాపించినవాడు ఒకప్పుడు సాల్ వైట్ తెచ్చుకొనిన పిచ్చరు. సాల్ వైట్‌ను ఆ దశకమున కొన్ని జట్లకు సేవ చేసి, నల్లజాతివారి పత్రికలలో పాత రోజులను గూర్చి వ్యాసములు వ్రాసెను. రెండవ పుస్తకము వ్రాయవలెనను కోరిక యుండెను, అది వెలువడలేదు.

1947 ఏప్రిల్ 15వ తేదీన జాకీ రాబిన్సన్ బ్రుక్లిన్ డాడ్జర్స్ జట్టున పెద్ద లీగు మైదానమున అడుగుపెట్టెను. నాటికి సాల్ వైట్‌కు 78 ఏండ్లు. 1907లో తాను ఆశించినది నలుబది యేండ్లకు జరుగగా చూచెను. 1955 ఆగస్టు 26వ తేదీన న్యూయార్క్ రాష్ట్రమున సెంట్రల్ ఐస్లిప్ అను ఊరిలోని ప్రభుత్వ వైద్యశాలలో, 87వ యేట కన్నుమూసెను. స్టాటెన్ ఐలండ్ శ్మశానమున పూడ్చిరి. సమాధిపై రాయి లేదు. అందరి పేర్లు వ్రాసి పెట్టినవాని పేరు అతని సమాధిపై ఎవ్వరును వ్రాయలేదు.

2006లో కూపర్స్‌టౌన్ నందలి బేస్‌బాల్ కీర్తిమందిరమున ఆయనకు స్థానమిచ్చిరి. ఫ్రాంక్ గ్రాంట్‌నకును అదే యేడు. బడ్ ఫౌలర్ 2022 వరకు వేచియుండవలసి వచ్చెను. 2014లో సాల్ వైట్ సమాధిపై రాయి నిలిపిరి. 2020 డిసెంబరులో అమెరికా పెద్ద లీగువారు పూర్వపు నీగ్రో లీగులను తమతో సమానమైనవిగ అంగీకరించి, 2024లో ఆ ఆటగాండ్ర లెక్కలను తమ పట్టికలలో చేర్చిరి. కాని 1920 మొదలు 1948 వరకు నడిచిన లీగులకే ఆ గౌరవము. లీగు లేని కాలమున ఆడిన సాల్ వైట్ లెక్కలు, 1905 నాటి 134 గెలుపులు, ఆ పట్టికలలోనికి రాలేదు. వానిని తెలిసికొనదలచినవారు నేటికిని ఆ చిన్న పుస్తకమును, నాటి పత్రికలను వెదకవలసినదే.

ఆ పుస్తకపు తొలి ముద్రణ ప్రతులు మిగిలినవి మిక్కిలి స్వల్పము. 1995లో జెర్రీ మల్లాయ్ అను పరిశోధకుడు సాల్ వైట్ ఇతర వ్రాతలను కూడ చేర్చి మరల ప్రకటించెను. మన గ్రంథాలయమునకు ఆ ప్రతి నొకదానిని తెప్పించుటకు సంఘమువారు అంగీకరించిరి. ఆంగ్లమున నున్నది గనుక పై తరగతులవారు చదివి క్రింది తరగతులవారికి తెలుగున చెప్పవలెను.

ఒక్క మనవి చేసి విరమింతుము. నేటి పోటీలలో పాల్గొనిన ప్రతి విద్యార్థి పేరు, తరగతి, ఆడిన ఆట ఒక పుస్తకమున వ్రాసియుంచుమని వ్యాయామోపాధ్యాయులకు చెప్పితిమి. ఓడినవారి పేర్లు కూడ. ఆ జాబితా మన వార్షిక సంచికలో అచ్చగును. తమ పేరు సరిగ వ్రాయబడినదో లేదో పిల్లలు సభ ముగిసిన వెంటనే చూచుకొనవలెను. ఇక బహుమతి ప్రదానము గావింప అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము.